వెబ్లీ మార్క్ 6 మీద ఎదురెదురు బాణాలు: ముత్తాతగారి రివాల్వర్ ముద్రలు చదవడానికి సాయం కావాలి

వశిష్ఠ తీరం (నరసాపురం)

అందరికీ నమస్కారం. ఈ వేదికలో పాత తుపాకుల శాఖను చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా నాన్నగారి తాతగారు డాక్టరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియన్ మెడికల్ సర్వీసులో తాత్కాలిక కమిషన్ మీద చేరి మెసపటేమియా (నేటి ఇరాక్) వెళ్లి వచ్చారు. ఆయన రివాల్వర్ తాతగారికి, ఆయన తర్వాత నాన్నగారికి లైసెన్సు మారుతూ వచ్చింది. నాన్నగారు పోయాక దాన్ని లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర డిపాజిట్ చేసి, వారసుడిగా దరఖాస్తు పెట్టుకున్నాను. మొన్న డీలరు అనుమతితో ఆయన ఎదుటే, ఖాళీగా ఉందని ఇద్దరం చూసుకున్నాక, ఫొటోలు తీశాను.

బారెల్ ఆరు అంగుళాలు. పిడి కింద నలుచదరంగా ఉంది, రెండు పక్కలా నల్లటి వల్కనైట్ (గట్టిపరచిన రబ్బరు) పలకలు, అడుగున తాడు కట్టే రింగు. ఎడమ పక్క బ్రిటిష్ కంపెనీ వెబ్లీ వారి పేటెంట్ల ముద్ర, మార్క్ 6 (ఆరో నమూనా) అనే మాట, 1918 అనే సంవత్సరం. ఫ్రేమ్ (రివాల్వర్ మూల చట్రం) మీద బాణం గుర్తు ఉంది. దానికి కాస్త ఎడంగా రెండు బాణాలు మొనకు మొన ఆనించి కొట్టినట్టు ఇంకో ముద్ర ఉంది. సిలిండర్ (తూటాలు పట్టే, తిరిగే భాగం) మీది నంబరు, ఫ్రేమ్ మీది నంబరు కలవడం లేదు. నంబర్లు పూర్తిగా ఇక్కడ పెట్టడం లేదు, మన్నించాలి.

నా ప్రశ్న ఇది. 1917 మార్చిలో బాగ్దాద్ పట్టుబడినప్పుడు ముత్తాతగారి నడుముకు ఉన్నది ఈ రివాల్వరే అని మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నాం. దాని మీదేమో 1918 అని ఉంది. ఇది ఎలా కుదురుతుంది?

పాత ఆర్మరర్ (కాకినాడ)

నంబర్లు పూర్తిగా పెట్టకపోవడమే మంచిది. ఎవరూ పెట్టవద్దు.

ముందు ఒక మాట. ఈ చర్చ తేలేదాకా దాన్ని ఎవరూ రుద్దకూడదు. డీలరు గారి మనుషులు మంచి ఉద్దేశంతోనే గరుకు కాగితం పట్టే ప్రమాదం ఉంది. ముద్రల అంచులు ఒక్కసారి గుండ్రబడితే కిరీటం ఏదో, అక్షరం ఏదో ఎవరూ చెప్పలేరు. దీపం నేరుగా కాకుండా పక్క నుంచి పడేటట్టు పెట్టి మళ్లీ ఫొటోలు తీయించండి. సిలిండర్ బయట ప్రతి తూటా గది దగ్గరా, బారెల్ మొదట్లో పైభాగాన, ఫ్రేమ్ మీద చిన్న చిన్న కిరీటాలు కనిపిస్తాయి. వాటి కింద ఏ అక్షరాలున్నాయో అదే అక్షరాలు రాయండి. ఊహించి పూరించవద్దు.

బర్మింగ్‌హామ్ కిరీటం (హ్యూస్టన్, సొంత ఊరు భీమవరం)

వశిష్ఠ తీరం గారూ, ఇంత చక్కగా గమనించి రాసినవారు అరుదు. మీ ఫొటోలు పెద్దవి చేసి చూశాను. చెప్పగలిగినంత చెబుతాను.

మార్క్ 6ను బ్రిటిష్ సైన్యం 1915 మే నెలలో ఆమోదించింది. అంతకు ముందు 1913 చివరలో వచ్చిన మార్క్ 5కు నాలుగు అంగుళాల బారెల్, పక్షి ముక్కులా వంగిన పిడి. మార్క్ 6లో బారెల్ ఆరు అంగుళాలైంది, పిడి నలుచదరమైంది. కాబట్టి మీది మార్క్ 6 అనడంలో అనుమానం లేదు. యుద్ధం జరిగిన ఏళ్లలో వెబ్లీ అండ్ స్కాట్ వాళ్లు వీటిని దాదాపు 3 లక్షలు తయారు చేశారు. 1921 నుంచి 1926 వరకు ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారం కూడా ఇదే నమూనా తయారు చేసింది, వాటి మీద ఎన్‌ఫీల్డ్ అని ఉంటుంది. మీది వెబ్లీదే.

ఒంటి బాణం ప్రభుత్వ ఆస్తి గుర్తు. మొనకు మొన ఆనిన రెండు బాణాలకు అర్థం, ప్రభుత్వం దాన్ని సర్వీసు నుంచి తీసేసి అమ్మేసిందని. ఈ గుర్తు లేకపోతే ప్రభుత్వ సరుకు దొంగతనంగా బయటికి వచ్చిందని అనుమానించడానికి వీలుంటుంది. మీ దాని మీద ఉంది గనుక ఆ దిగులు లేదు.

మరి 1917 సంగతి. 1918లో తయారైన ఆయుధం 1917లో ఎవరి నడుముకూ ఉండదు. మీ కుటుంబ కథ అబద్ధమని నేను అనడం లేదు. ఆ కథ ఈ రివాల్వర్‌ది కాదు, అంతే.

తణుకు సేకర్త

నా ఆసక్తి ఆయుధాల మీద కాదు, వాటి చుట్టూ ఉండే వస్తువుల మీద: తోలు హోల్‌స్టర్లు, మెడ తాళ్లు, నూనె సీసాలు, శుభ్రం చేసే ఊచలు, పాత లైసెన్సు కాగితాలు. వశిష్ఠ తీరం గారికి రెండు ప్రశ్నలు. ముత్తాతగారు యూనిఫాంలో దిగిన ఫొటో ఏదైనా ఉందా? మొదటి లైసెన్సు కాగితం ఇంట్లో ఉందా? ఈ రెండూ ఉంటే 1918 చిక్కు చాలావరకు విడిపోతుంది.

కొబ్బరి తోట (అంబాజీపేట)

చర్చ మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. మా పెదనాన్నగారి దగ్గర లైసెన్సుతో ఉన్నది .38 (తూటా కొలత, అంగుళాల్లో) వెబ్లీ మార్క్ 4. దాని మీద నీలిపూత చాలాచోట్ల పలుచగా ఉంటుంది, లోహం మీద ఆకురాయి గీతలు కనిపిస్తాయి. పైగా ‘వార్ ఫినిష్’ అని చెక్కి ఉంది. ఇది తిరస్కరించిన సరుకా? పూత మళ్లీ వేయించమని బంధువులు అంటున్నారు.

పాత ఆర్మరర్ (కాకినాడ)

తిరస్కరించిన సరుకు కాదండీ. రెండో ప్రపంచ యుద్ధంలో తొందర కొద్దీ పైమెరుగు పెట్టడం మానేశారు. లోపలి పనితనంలో తేడా లేదు. బయట గీతలు చూసి తమ పనివాళ్ల పేరు చెడుతుందని కంపెనీ వాళ్లే ఆ రెండు మాటలు కొట్టించారు. ఆ గీతలే మీ రివాల్వర్ పుట్టిన కాలాన్ని చెబుతున్నాయి. పూత మళ్లీ వేయిస్తే యుద్ధకాలపు వెబ్లీ పోయి, ఏ కాలానిదో తెలియని వెబ్లీ మిగులుతుంది. దయచేసి వేయించవద్దు.

ఒకవేళ అది వెబ్లీయా ఎన్‌ఫీల్డా అని ఎవరైనా అనుమానపడితే, దూరం నుంచి చూస్తే రెండూ కవలల్లా ఉంటాయి. ఎన్‌ఫీల్డ్ నంబర్ 2కు పక్కన మర తీసి ఊడదీసే పలక ఉంటుంది, లోపలి యంత్రాంగం అక్కడి నుంచి కనిపిస్తుంది. వెబ్లీకి ఆ పలక ఉండదు.

బర్మింగ్‌హామ్ కిరీటం (హ్యూస్టన్, సొంత ఊరు భీమవరం)

ఆర్మరర్ గారు చెప్పిన పోలికకు వెనక పెద్ద తగాదా ఉంది. మొదటి యుద్ధం తర్వాత, మార్క్ 6 పేల్చే .455 తూటా మరీ బరువుగా, తన్నుగా ఉందని బ్రిటిష్ సైన్యం .38కి మారదలచింది. వెబ్లీ వాళ్లు నమూనా ఇచ్చారు. ప్రభుత్వం దాన్ని ఎన్‌ఫీల్డ్ కర్మాగారానికి తీసుకెళ్లి, కొన్ని మార్పులు చేయించి, ఎన్‌ఫీల్డ్ నంబర్ 2గా తయారు చేయించుకుంది. వెబ్లీ 2,250 పౌండ్లు అడిగితే చివరికి 1,250 పౌండ్లు దక్కాయి. యుద్ధం వచ్చాక ఎన్‌ఫీల్డ్ ఒక్కటే చాలక అదే ప్రభుత్వం వెబ్లీ మార్క్ 4 కూడా కొనాల్సి వచ్చింది.

ఎన్‌ఫీల్డ్ నంబర్ 2లోనూ రకాలున్నాయి. మొదటి రకానికి హామర్ (తూటాను కొట్టి పేల్చే భాగం) మీద బొటనవేలితో లాగే కొమ్ము ఉంటుంది. ట్యాంకుల్లో ఎక్కి దిగే సైనికులకు ఆ కొమ్ము ఎక్కడో ఒకచోట తగులుకునేది. 1938లో కొమ్ము తీసేసిన రకం వచ్చింది, మార్క్ 1 పక్కన ఒక నక్షత్రం. 1942లో తయారీ వేగం కోసం హామర్‌కు ఉన్న భద్రతా అడ్డును కూడా తీసేశారు, అది రెండు నక్షత్రాల రకం. అది కింద పడితే పేలే ప్రమాదం ఉండడంతో యుద్ధం ముగిశాక చాలావాటికి అడ్డు మళ్లీ పెట్టారు. పాత కొమ్ము రకాలను కూడా మరమ్మతుకు వచ్చినప్పుడల్లా నక్షత్రం రకంలోకి మార్చేశారు. అందుకే మొదటి రూపంలో కొమ్ముతో మిగిలినవి ఇవాళ అరుదు. ఒకే పేరు, ఒకే కర్మాగారం, ఒకే తూటా. అయినా ఆ చిన్న కొమ్ము ఉందా లేదా అన్నదాని మీద సేకర్త దృష్టిలో దాని స్థానమే మారిపోతుంది.

గోదావరి కెరటం (రావులపాలెం)

ఇదంతా చదువుతుంటే నాకూ ఒకటి సంపాదించాలనిపిస్తోంది. పాత వెబ్లీ, పనిచేయకపోయినా ఫర్వాలేదు, గాజు పెట్టెలో పెట్టుకోవడానికి. ఎక్కడ దొరుకుతుంది?

పాత ఆర్మరర్ (కాకినాడ)

ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఒకే జవాబు చెబుతాను, విసుక్కోకండి. 1959 ఆయుధ చట్టంలో 45వ సెక్షన్ కింద ఒక మినహాయింపు ఉంది. కాలం చెల్లిన నమూనా అయినా, పురావస్తు విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదైతేనే అది వర్తిస్తుంది. తుప్పు పట్టి బిగుసుకుపోయింది, మరమ్మతు చేస్తే కదులుతుంది అంటే దానికి లైసెన్సు కావాల్సిందే. ‘పనిచేయదు’ అని అమ్మేవాడు చెప్పిన మాట చట్టం ముందు నిలవదు. పైగా .455 సర్వీసు తూటా పట్టే ఆయుధం నిషేధిత బోరు. దాని అనుమతి జిల్లా కలెక్టరు స్థాయిలో అయ్యే పని కాదు, కేంద్ర హోం శాఖ దాకా వెళుతుంది. 2019 సవరణతో ఒక మనిషి పేరు మీద ఉండగలిగే ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి.

వారసత్వంగా వచ్చినవాటికి వేరే దారి ఉంది. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారు చనిపోయాక, లేదా ఆయనకు 70 ఏళ్లు నిండాక, లేదా ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నాక చట్టబద్ధమైన వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. వశిష్ఠ తీరం గారు సరిగ్గా అదే చేశారు.

తణుకు సేకర్త

కెరటం గారూ, ఆయుధమే ఉండాలని లేదు. ఒక హోల్‌స్టర్ మీద తయారీదారు పేరు, సంవత్సరం, కుట్టు తీరు చూస్తే ఎంత చరిత్ర ఉందో మీకే తెలుస్తుంది. మొదటి యుద్ధంలో అధికారులు తమ డబ్బుతో రివాల్వర్లు కొనుక్కునేవారు. సర్వీసు తూటా పట్టాలి, అదే షరతు. అందుకే ఒకే పటాలంలో ఒకరి నడుముకు వెబ్లీ, ఒకరికి కోల్ట్, ఇంకొకరికి స్మిత్ అండ్ వెసన్. ఏ హోల్‌స్టర్ దేనిదో పోల్చుకోవడమే ఒక జీవితకాలపు పని.

వశిష్ఠ తీరం (నరసాపురం)

డీలరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. పక్క నుంచి వెలుతురు పడేటట్టు ఫోను దీపం పెట్టి తీసిన ఫొటోలు జత చేస్తున్నాను. కనిపించినవి రాస్తాను.

సిలిండర్ మీద ఆరు గదుల దగ్గరా రెండేసి ముద్రలున్నాయి. ఒకటి: పైన కిరీటం, మధ్యలో ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు జెండాలు, కింద పి అక్షరం. రెండోది: కిరీటం, దాని కింద ఎన్ పి అక్షరాలు. బారెల్ మీద, ఫ్రేమ్ మీద కూడా ఇవే ఉన్నాయి. కిరీటం కింద బి వి అని ఇంకొకటి ఉంది. టన్నులు అనే మాట ఎక్కడా లేదు.

ఇంకొకటి చెప్పాలి. ట్రిగ్గర్‌కు పైన, ఫ్రేమ్ చదునుగా ఉన్న చోట గుండ్రంగా ఒక గుంతల గుంపు ఉంది. లోహం పుండు పడి మానినట్టు ఉంటుంది. మొదట అది తుప్పు అనుకున్నాను. అమ్మకు ఫొటో చూపిస్తే వెంటనే చెప్పింది: ప్రతి దసరాకూ ఆయుధ పూజలో పసుపు రాసి బొట్టు పెట్టే చోటు అదే. మా ఇంట్లో రివాల్వర్‌ను ఎర్రటి గుడ్డ మీద పెట్టి, పుస్తకాల పక్కన, తాతగారి స్టెతస్కోప్ పక్కన పూజ చేసేవారు. తడి కుంకుమ ఎప్పుడూ అదే చోట. పూజ అయ్యాక తుడిచేవారు కాదట, బొట్టు తుడవకూడదని. ఆ గుంతల కింద ఇంకేదో చిన్న ముద్ర ఉంది, కిరీటం పైభాగం మాత్రమే తెలుస్తోంది.

ముత్తాతగారి ఫొటో దొరికింది. స్టూడియోలో తీసినది, వెనక పెన్సిలుతో 1917, బస్రా అని ఉంది. నడుము పట్టీ, భుజం మీదుగా వచ్చే పట్టీ, కుడి పక్క మూత ఉన్న హోల్‌స్టర్ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది కూడా జత చేశాను.

బర్మింగ్‌హామ్ కిరీటం (హ్యూస్టన్, సొంత ఊరు భీమవరం)

అద్భుతమైన ఫొటోలు. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ బొట్టు వివరం లేకపోతే మేమందరం ఆ గుంతలకు ఏదో ఒక కారణం కల్పించేవాళ్లం.

ఇప్పుడు ముద్రలను వరుసలో పెడదాం. అడ్డ జెండాల ముద్ర సైనిక పరీక్షది. 1918లో తయారై సైన్యానికి వెళ్లేటప్పుడు కొట్టినది. కిరీటం కింద ఎన్ పి, బి వి అన్నవి బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు, 1904 నుంచి వాడుకలోకి వచ్చిన తరహా. పౌర వ్యాపారానికి వెళ్లే తుపాకీకి అక్కడ బలమైన మందుతో పరీక్ష చేసి ఇవి కొడతారు. అంటే మీ రివాల్వర్ సైన్యం నుంచి బయటికి వచ్చి, బ్రిటన్‌లోని తుపాకుల వ్యాపారుల చేతుల మీదుగా నడిచింది. తూటా ఒత్తిడిని టన్నుల్లో చెప్పే ముద్ర 1954 నిబంధనలతో వచ్చింది. అది లేదు గనుక ఆ పరీక్ష 1954కు ముందే జరిగింది.

ఇక కలవని నంబర్లు. సిలిండర్ ఎప్పుడు మారింది? బర్మింగ్‌హామ్ ముద్రలు ఫ్రేమ్ మీదా, బారెల్ మీదా, సిలిండర్ మీదా ఒకే అచ్చుతో, ఒకే లోతులో ఉన్నాయి. ఎన్ పి ముద్రలో పి అక్షరం కాలు దగ్గర చిన్న విరుపు ఉంది చూడండి. మూడు చోట్లా అదే విరుపు. ఒకే అచ్చు, ఒకే రోజు పని. కాబట్టి పరీక్షకు వెళ్లేటప్పటికే ఈ సిలిండర్ ఈ ఫ్రేమ్‌లో ఉంది. మార్పు అంతకు ముందే, బహుశా సైనిక వర్క్‌షాపులో జరిగింది. అక్కడ పది రివాల్వర్లు విప్పి బల్ల మీద పరిచి, పనికొచ్చే భాగాలతో ఏడెనిమిది బిగించి పంపడం మామూలే. నంబర్లు కలవలేదని దీన్ని తక్కువ చేయకండి. అది ఆ ఆయుధం సర్వీసు చేసిందనడానికి ఆధారం.

తణుకు సేకర్త

ఫొటో నేను చూసుకుంటాను. అధికారులు పెట్టుకునే ఆ నడుము పట్టీ వెడల్పు రెండుంబావు అంగుళాలు. తెరమీద స్కేలు పెట్టి కొలిచాను. హోల్‌స్టర్ పైమూత నుంచి అడుగు వరకు పట్టీ వెడల్పుకు నాలుగు రెట్ల కంటే కొంచెం ఎక్కువ. అంటే తొమ్మిదిన్నర అంగుళాలకు అటూ ఇటూ. మార్క్ 6 మొత్తం పొడవు 11.25 అంగుళాలు. ఆ హోల్‌స్టర్‌లో అది పట్టదు. నాలుగు అంగుళాల బారెల్ ఉన్నది మాత్రం చక్కగా కూర్చుంటుంది. మనిషి కొద్దిగా పక్కకు తిరిగి నిలబడ్డాడు గనుక అంగుళం తేడా వదిలేసినా లెక్క మారదు.

కాబట్టి 1917లో డాక్టరు గారి నడుముకు రివాల్వర్ ఉంది. అది ఇది కాదు. పాత .455 మార్క్ 4 కావచ్చు (అంబాజీపేట వారి .38 మార్క్ 4 వేరు), మార్క్ 5 కావచ్చు, సొంతంగా కొన్న ఇంకేదైనా కావచ్చు. మూత కింద పిడి కనిపించడం లేదు గనుక అంతకు మించి చెప్పను.

చరిత్ర మాస్టారు (రాజమహేంద్రవరం)

ఇంత జాగ్రత్తగా చర్చ జరగడం చూసి చాలా సంతోషించాను. మన ప్రాంతంలో పాత తుపాకీ కనిపిస్తే చాలు ‘అల్లూరి కాలం నాటిది’ అనేస్తారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద సీతారామరాజు దాడి చేసి ఆయుధాలు తీసుకెళ్లాడు. తీసుకెళ్లిన వాటి వివరం స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం కూడా చేశాడు. తాను తీసుకున్న ప్రతి తుపాకీకీ లెక్క ఉండాలని ఆ మనిషి అనుకున్నాడు. ఆయన పేరు చెప్పి ఏ ఆధారమూ లేని ఇనుముకు విలువ కట్టడం నాకు బాధ కలిగిస్తుంది. కాగితం చూపించండి, ముద్ర చూపించండి అని అడగడమే ఆయనకు మనం ఇచ్చే మర్యాద.

1879 నాటి మొదటి రంప తిరుగుబాటు తుపాకీ అని కొందరు వెబ్లీ మార్క్ 1 ఫొటోలు పెడుతుంటారు. దాని సంగతి హ్యూస్టన్ గారు చెబితే బాగుంటుంది.

బర్మింగ్‌హామ్ కిరీటం (హ్యూస్టన్, సొంత ఊరు భీమవరం)

మాస్టారూ, మార్క్ 1ను బ్రిటిష్ సైన్యం తీసుకున్నది 1887 నవంబరులో. 1879లో అది లేదు. ఆ కాలంలో బ్రిటిష్ సర్వీసు రివాల్వర్ ఆడమ్స్ .450.

నేను ఇక్కడ పోగు చేస్తున్నది ఆ తొలి వెబ్లీలనే. అమెరికా ఫెడరల్ చట్టం 1898 వరకు తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా లెక్కిస్తుంది గనుక ఇది సాధ్యపడింది. భారత్‌లో ఉండి ఉంటే నేనూ తణుకు గారిలా హోల్‌స్టర్లే సేకరించేవాణ్ని.

మార్క్ 1కు మొదటి ఒప్పందం 10,000 రివాల్వర్లకు, ఒక్కొక్కటి 3 పౌండ్ల 1 షిల్లింగు 1 పెన్నీ. వాడుకలో ఒక లోపం బయటపడింది. హామర్ ముక్కు వచ్చి తగిలే చోట, తూటా అడుగు ఆనే ఫ్రేమ్ ముఖం అరిగిపోయేది. ఫ్రేమ్‌లోనే భాగం గనుక ఆ ముఖాన్ని మార్చడానికి వీల్లేదు. మార్క్ 2లో అక్కడ విడిగా బిగించే గట్టి ఉక్కు పలక పెట్టారు, అరిగితే అది ఒక్కటే మార్చవచ్చు. పిడి పైభాగాన బొటనవేలి గూట్లో గుచ్చుకునే మూపురాన్ని కూడా తీసేశారు. పాత మార్క్ 1లను వెనక్కి తెచ్చి అదే పలక అమర్చి, పక్కన నక్షత్రం కొట్టారు. నా దగ్గరున్న ఒకదానిలో ఆ నక్షత్రం చుట్టూ లోహం కొద్దిగా ఉబ్బి ఉంటుంది, పక్కనున్న అంకె చుట్టూ ఉబ్బు లేదు. అంకె కొట్టాక మెరుగు పెట్టారు, నక్షత్రం కొట్టాక పెట్టలేదు. గోరుతో తడిమితే తెలుస్తుంది. మూపురం ఉండి, పలక కూడా ఉందంటే అది మరమ్మతు చూసిన మార్క్ 1. కొత్తవాళ్లు అక్కడే తికమకపడి మార్క్ 2 అనుకుంటారు.

1897లో మార్క్ 3, అందులో సిలిండర్‌ను ఊడదీసే ఏర్పాటు మారింది. 1899లో మార్క్ 4, ఉక్కు మెరుగైంది. మార్క్ 5లో సిలిండర్ లావు పెరిగింది, నల్లమందు పోయి కార్డైట్ (పొగ తక్కువ వచ్చే తుపాకీ మందు) లాంటి బలమైన మందులు వచ్చాయి గనుక. నాకు మాత్రం మార్క్ 1 నక్షత్రమే అన్నిటికంటే ఇష్టం. అందులో సైన్యం తన లోపాన్ని తానే దిద్దుకున్న జాడ కనిపిస్తుంది.

తాళ్లరేవు బాలుడు

మా మేనమామ గారి లైసెన్సులో స్మిత్ అండ్ వెసన్ .38 అని ఉంది. నంబరు వి అక్షరంతో మొదలవుతుంది. ఇది కూడా యుద్ధ కాలానిదేనా?

పాత ఆర్మరర్ (కాకినాడ)

అవును, దాన్ని విక్టరీ మోడల్ అంటారు, వి అక్షరం అందుకే. 1942 నుంచి తయారైంది. బ్రిటిష్ వారికి పంపినవి ఎక్కువగా ఐదు అంగుళాల బారెల్‌తో, .38లో 200 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండు ఉన్న తూటాకు తగ్గట్టుగా ఉంటాయి. అమెరికన్లు తమకోసం ఉంచుకున్నవి నాలుగు అంగుళాలు, తూటా వేరు, .38 స్పెషల్. బారెల్ కొలిచి చెప్పండి. వి ముందు ఎస్ అక్షరం కూడా ఉందేమో చూడండి. 1944 చివరలో ఓడ డెక్ మీద రివాల్వర్ పడి పేలి ఒక నావికుడు చనిపోయాక, హామర్‌కు కొత్త అడ్డు పెట్టారు. అలా పెట్టినవాటికే ఎస్ చేర్చారు. ఎస్ లేకపోతే దాన్ని నిండుగా ఉంచి ఎక్కడా పెట్టవద్దని మేనమామ గారికి గట్టిగా చెప్పండి.

వశిష్ఠ తీరం (నరసాపురం)

లైసెన్సు కాగితాల కట్ట మొత్తం విప్పాం. అన్నిటికంటే పాతది 1878 ఆయుధ చట్టం కింద ఇచ్చినది, తేదీ 1923. ‘.455 వెబ్లీ రివాల్వర్ ఒకటి’ అని, పక్కన నంబరు. అది ఫ్రేమ్ నంబరే. దానికి గుండుసూదితో గుచ్చిన ఒక రసీదు ఉంది, మద్రాసులోని ఒక తుపాకుల దుకాణానిది, అదే సంవత్సరం. తుప్పు పట్టిన సూది చుట్టూ కాగితం చిల్లుపడింది గానీ నంబరు నిలిచింది.

అంటే 1918లో తయారై, సైన్యంలో ఉండి, సిలిండర్ మారి, అమ్మకానికి వచ్చి, బర్మింగ్‌హామ్‌లో పరీక్షకు నిలిచి, ఓడ ఎక్కి మద్రాసు వచ్చి, 1923లో మా ఇంటికి చేరింది. అయిదేళ్లలో ఇంత ప్రయాణం. బస్రా ఫొటోలో ఉన్నది వేరేది, యుద్ధం ముగిశాక అది తిరిగి అప్పగించి ఉంటారు. యుద్ధంలో వాడినలాంటిదే ఇంట్లో ఒకటి ఉండాలని ఆయన అనుకున్నారేమో. అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. కథలో మనిషి నిజమే కదా, అది చాలు అంది.

చరిత్ర మాస్టారు (రాజమహేంద్రవరం)

ఆ లైసెన్సునూ రసీదునూ వెంటనే స్కాన్ చేయించండి. ప్లాస్టిక్ పూత వేయించవద్దు. సూది తీసేయండి, తుప్పు ఇంకా పాకుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు లైసెన్సు, రసీదు, ఆయుధం మూడూ ఒకే నంబరుతో కలిసి ఉండడం నేను చూసినవాటిలో ఇదే మొదటిది.

పాత ఆర్మరర్ (కాకినాడ)

ఇక దాన్ని కాపాడుకునే సంగతి. డీలరు గారి దగ్గర హోల్‌స్టర్‌లో ఉంచితే ఈరోజే తీయించండి. తోలు తేమ పీల్చి లోహానికి అప్పగిస్తుంది. మన సముద్రపు గాలిలో ఇది మరీ వేగంగా జరుగుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లలో ఒక్క వర్షాకాలంలో బారెల్ లోపల ఎర్రబడ్డవి నేను చూశాను. కొబ్బరినూనె పూయవద్దు. కోనసీమలో చేతికి మొదట అందేది అదే గానీ, కొన్నాళ్లకు గట్టిపడి బంకలా పట్టేస్తుంది. కుట్టుమిషను నూనె పలుచగా గుడ్డకు అంటించి తుడిస్తే చాలు. ఇత్తడి బిందెలకు పట్టించినట్టు చింతపండు పట్టించిన ఇల్లు కూడా ఉంది, ఆ రివాల్వర్ మీద ఇప్పుడు ఒక్క ముద్ర లేదు.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసే ముందు కూడా ఇలాగే నూనె గుడ్డతో తుడిచి, గుడ్డ సంచిలో పెట్టి ఇవ్వండి. రసీదులో నంబరుతో పాటు ‘సిలిండర్ నంబరు వేరు’ అని రాయించుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

దసరా పూజ మానవద్దు. బొట్టు మాత్రం రివాల్వర్ కింద పరిచే గుడ్డకు పెట్టండి.

వశిష్ఠ తీరం (నరసాపురం)

అమ్మ ఒప్పుకుంది. గుడ్డకు బొట్టు, రివాల్వర్ మీద పువ్వు, పూజ కాగానే పువ్వు తీసేయడం. లైసెన్సు నా పేరు మీదికి వచ్చాక గుంతల కింద ఉన్న ఆ కిరీటం దగ్గరి నుంచి ఫొటో తీసి పెడతాను.

బర్మింగ్‌హామ్ కిరీటం (హ్యూస్టన్, సొంత ఊరు భీమవరం)

తప్పకుండా పెట్టండి. కిరీటం కింద అంకె ఉంటే అది తనిఖీ చేసినవాడి గుర్తు. వెలుతురు ఎడమ పక్క నుంచి ఒకటి, కుడి పక్క నుంచి ఒకటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గుంతల మధ్య అంకె తేలవచ్చు.

కొబ్బరి తోట (అంబాజీపేట)

పూత వేయించడం ఆపించాను. పెదనాన్నగారిని ఒప్పించడానికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాల్సి వచ్చింది. పక్క పలక లేదు, అది వెబ్లీయే. ఇప్పుడు ఆయన, తన దాని మీద ఎదురెదురు బాణాలు ఎందుకు లేవని అడుగుతున్నారు. ఒంటి బాణం కూడా లేదు. ఫొటోలు కొత్త చర్చలో పెడుతున్నాను, ఆర్మరర్ గారూ, దయచేసి చూడండి.